ఆడ డూపు కార్డు

సినిమా ఫైటర్లు, డూపుల సంఘం మీటింగు సాయంత్రం నాలుగింటికి. రాజ్యలక్ష్మి మాత్రం పొద్దున్న ఎనిమిదింటికే జూబ్లీ హిల్స్‌లో డాక్టర్ సూర్యప్రకాశరావు ఇంటి వరండాలో కూర్చుని ఉంది. కుడి మోకాలు సలుపుతోంది. పదకొండేళ్ల క్రితం మద్రాసులో ఒక హీరోయిన్ బదులు గుర్రం మీంచి పడ్డ మోకాలది. హీరోయిన్ పేరు పోస్టరెక్కింది, ఈవిడ ఆసుపత్రి మంచమెక్కింది. డూపుల బతుకంటే అంతే మరి, ముఖం వాళ్లది, దెబ్బ వీళ్లది.

డాక్టరు గారు పూజలో ఉన్నారని పనిమనిషి చెప్పి అరగంటయింది. కూడగట్టుకొచ్చిన ధైర్యం ఆ అరగంటలో సగానికి సగం దిగిపోయింది. చేతిసంచీలో ఆయన రాసిన ఉత్తరం జిరాక్సు ఉంది. అసలుది, ఈ జిరాక్సు తీసిచ్చిన సంఘం ప్రెసిడెంటు చలపతిరావు బీరువాలో ఉంది. సాయంత్రం దాన్ని మీటింగులో చదివితే డూపు పిల్ల కౌసల్యకి ఆడ డూపుగా పనిచేసే కార్డు పోతుంది. కార్డుతోనే ఆగితే ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఆ తర్వాత ఆ పిల్లని ఫిల్మ్ నగర్‌లో ప్రతి సెట్టు మీదా, ప్రతి టీ బండి దగ్గరా మగాడని పిలుస్తారు.

ఇదంతా తన నెత్తికి తనే తెచ్చుకున్నది కాబట్టి ఎవర్నీ తిట్టడానికి కూడా లేదు.

నాలుగేళ్ల క్రితం సంగతి. అప్పట్లో హీరోయిన్ మేడ మీంచి దూకాలంటే ఎవడో సన్నపాటి ఫైటరుకి మీసం గీయించి, విగ్గు పెట్టి, చీర కట్టి దూకించేవాళ్లు. డూపులుగా పేరున్న ఆడవాళ్లు పన్నెండు మంది గోడవారగా కూర్చుని ఆ సింగారం చూస్తుండేవాళ్లు. రాజ్యలక్ష్మికి ఒళ్లు మండింది. ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని స్టూడియో గేటు ముందు మూడు రోజులు బైఠాయించింది. నాలుగో రోజు సంఘం దిగొచ్చి రూలు పాస్ చేసింది. ఆడవేషానికి డూపు ఆడదే చెయ్యాలి. ఫైట్ మాస్టర్ త్రినాథరావు మాత్రం ఊరుకోలేదు. "రేపు మావాడెవడో విగ్గు పెట్టుకొచ్చి నేనూ ఆడదాన్నే అంటే ఏం చేస్తారండీ?" అని వెటకారం చేశాడు. "డాక్టరు చేత సర్టిఫికెట్ తెమ్మంటాం, రెండేళ్లకోసారి కొత్తది తెమ్మంటాం" అని రాజ్యలక్ష్మి అక్కడికక్కడే ఎదురు పెట్టింది. ఫారం కూడా తనే టైపు చేయించింది. ఆ పూట తన తెలివికి తనే మురిసిపోయింది పాపం.

సర్టిఫికెట్ అంటే ఏముంది, సంఘం డాక్టరు సూర్యప్రకాశరావు గారు బీపీ చూసి, నాలుక చూసి, "బావున్నావమ్మా" అని సంతకం గీకేసేవారు. పన్నెండు మందీ ఆడవాళ్లేనని ఆయన ఒక్క పూటలో తేల్చేశారు. అందులో కౌసల్య కూడా ఉంది.

కౌసల్యది ఎర్రగడ్డ. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి, అందుకని ఆ ఇంట్లో ఎత్తంటే ఎవరికీ భయం లేదు. ఇరవై రెండేళ్లది, పొడుగరి, మాట తక్కువ. మూడంతస్తుల మీంచి అట్టపెట్టెల మీదికి దూకి, లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని "ఇంకోపారి జెయ్యాల్నా?" అని అడిగేది. రెండు నెలల క్రితం ఒకరోజు మేకప్ వ్యానులో ఎవరూ లేనప్పుడు రాజ్యలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీకొక్కదానికే చెప్తున్న. నేను పెద్దమనిషి కాలే. చుట్టాలు అడుగుతుండ్రని మా అమ్మ పదిహేనో ఏట ఉత్తగనే ఫంక్షన్ చేసింది. పీటల మీద కూసోబెట్టి పసుపు పూసిండ్రు. అంత అబద్ధమే."

రాజ్యలక్ష్మికి ఆగే గుణం లేదు. రక్తం తక్కువై ఉంటుంది, నాలుగు బిళ్లలిస్తే సరిపోతుందని మర్నాడే పిల్లని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. కార్డు గడువు కూడా ఆ నెలతోనే అయిపోతోంది. రెండు పనులూ ఒకే రాకతో తెమిలిపోతాయని ఫారం కూడా ఆయన చేతిలో పెట్టింది. ఆయన రక్తం తీయించారు, ఏవో ఫోటోలు తీయించారు, పెద్ద ల్యాబుకి పంపారు. ఆరు వారాల తర్వాత ఫారంలో మగ అని టిక్కు పెట్టి, పైన ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం జతచేసి, తిన్నగా సంఘానికి పోస్టు చేశారు.

డాక్టరు గారు పూజ ముగించి నుదుట విభూతితో వరండాలోకొచ్చారు. మంచాయనే. రాజ్యలక్ష్మి మోకాలికి ఎన్నోసార్లు ఊరికే మందిచ్చారు.

"ఆ ఉత్తరం వెనక్కి తీసుకోండి డాక్టరు గారూ. మీకు పుణ్యముంటుంది."

"ఎలా తీసుకుంటానమ్మా? ముప్ఫై ఏళ్లలో రాసింది దిద్దుకున్నది లేదు. క్రోమోజోములు ఎక్స్ వై అని రిపోర్టు వచ్చింది. వై ఉంటే మగ. ఇందులో మీరూ నేనూ వాదించుకోవడానికి ఏం లేదు."

"రెండేళ్ల కిందట మీరే ఆడ అని రాశారు కదండీ."

"అది పైపైన చూసి రాసింది. ఇది సైన్సు."

సైన్సు అనేసరికి ఎనిమిదో తరగతితో చదువాపేసిన వాళ్ల నోరు మూతపడిపోతుంది. రాజ్యలక్ష్మి మాట మార్చి, "ఆ పిల్లకి చెప్పారా?" అని అడిగింది.

"ఎందుకు చెప్తాం? ఇలాంటివి పేషెంటుకి చెప్పకూడదు, తట్టుకోలేరు. సాయంత్రం నేను కూడా వస్తున్నాను. చలపతిరావు గారు పిలిచారు." ఆయన గడియారం చూసుకుని లోపలికెళ్లారు.

ఆటోలో కూర్చున్నాక రాజ్యలక్ష్మికి కోపం ముంచుకొచ్చింది. ఎవరి ఒంటి సంగతి వాళ్లకి చెప్పరట, సంఘానికి మాత్రం పోస్టులో పంపుతారట! ఫిల్మ్ నగర్ వచ్చేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉంది. తన సంచీలో ఉన్న జిరాక్సు మూడు రోజులుగా తన దగ్గరే ఉందనీ, ఆ మూడు రోజుల్లో కౌసల్యని రెండుసార్లు చూసి కూడా తను నోరు విప్పలేదనీ అప్పటికి ఆమెకి తట్టలేదు.

కౌసల్యకి ఆ రోజు మూడింటిదాకా షూటింగు. అక్కణ్ణుంచి తిన్నగా వచ్చేసింది. జుట్టులో హీరోయిన్ సవరం పిన్నులు ఇంకా ఉన్నాయి. సంఘం ఆఫీసు మెట్ల కింద రాజ్యలక్ష్మిని చూసి గబగబా దగ్గరికొచ్చింది.

"ఏందక్కా, మీటింగు నా గురించేనంట? కార్డుల ఏమన్న తప్పు పడ్డదా?"

చెప్పడానికి పది నిమిషాలుంది. రాజ్యలక్ష్మి నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేసింది. "ఏం లేదులే. ఫారంలో చిన్న పొరపాటు. నేను చూసుకుంటాను. నువ్వు నోరు మెదపకు."

"నువ్వున్నవంటే నాకేం ఫికరు," అని ఆ పిల్ల నవ్వింది.

పైన గది కిక్కిరిసిపోయి ఉంది. మగవాళ్లు పాతికమందికి పైనే వచ్చారు. ఫైటర్లలో సగం మందికి మీటింగంటే పడదు, ఈ పూట మాత్రం పిలవకుండానే దిగారు. ఆడవాళ్లు వెనక వరసలో సర్దుకున్నారు. చలపతిరావు బీరువా తీసి ఉత్తరం బల్ల మీద పెట్టాడు. పక్క కుర్చీలో డాక్టరు గారు. వీరయ్య అనే ఫైటరు కిటికీ దగ్గర నిలబడి కౌసల్యని కిందనుంచి పైదాకా చూస్తున్నాడు. రూలు రాకముందు విగ్గు పెట్టుకుని దూకిన వాళ్లలో వీరయ్యే మొదటివాడు.

త్రినాథరావు లేచాడు. గొంతులో తేనె కారుతోంది. "నాకా పిల్ల మీద కోపం లేదండీ. నా బిడ్డలాంటిది. కానీ రూలు రూలే కదా. రూలు పెట్టింది నేను కాదు, మన రాజ్యలక్ష్మిగారు. అంచేత ఆ ఉత్తరం ఆవిడే చదివితే బావుంటుంది."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. చలపతిరావు ఉత్తరం ఇవ్వబోయాడు. రాజ్యలక్ష్మి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను చదవను."

"అయితే నేను చెప్తాను," అన్నారు డాక్టరు గారు. చెప్పారు. క్లాసులో పాఠం చెప్పినట్టు నెమ్మదిగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. ఆడవాళ్లకి ఎక్స్‌లు రెండుంటాయనీ, మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయనీ, కౌసల్య రక్తంలో వై దొరికిందనీ, కాబట్టి ఈ వ్యక్తి మగవాడనీ.

రాజ్యలక్ష్మి తల తిప్పి చూసింది. కౌసల్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని డాక్టరు పెదాల వంకే చూస్తోంది, వేరే ఎవరి గురించో చెప్తుంటే వింటున్నట్టు. వీరయ్య ఈల వేశాడు. "గిన్ని రోజులు మా పని మేమే చేసుకున్నట్టన్నమాట!" గది గొల్లుమంది.

రాజ్యలక్ష్మి డాక్టరు వైపు తిరిగింది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

"డాక్టరు గారూ, నా రక్తం ఎప్పుడైనా చూశారా?"

"మీది చూడాల్సిన పనేముంది?"

"మరి నాకు ఆడ సర్టిఫికెట్ ఎలా ఇచ్చారు? రూలు అందరికీ ఒకటే. రక్తమే తేల్చాలంటే అందరి రక్తమూ పంపండి. ముందు నాది పంపండి. నాకు పిల్లల్లేరు, నాలోనూ ఆ వై ఉందేమో ఎవరికి తెలుసు?"

"బ్రహ్మాండం," అన్నాడు త్రినాథరావు. "పంపించేద్దాం. తప్పు లేనివాళ్లకి భయమెందుకు?"

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. భూలక్ష్మి లేచింది. కారు చేజింగులకి డూపు చేసే భూలక్ష్మికి స్టీరింగు ముందు ఎంత తెగువో మనుషుల ముందు అంత బెరుకు. ఆమె భర్త కూడా ఫైటరే, మూడో వరసలో కూర్చున్నాడు.

"సార్, నా లగ్గమై పదమూడేండ్లాయె. పిల్లలు కాలే. మందులు తిన్న, మొక్కులు మొక్కిన." ఆమె చూపు మూడో వరస వైపు పోయింది. "నా నెత్తురు గూడ పంపుతరా? గా కాయితం వస్తే గీడ్నే, మా ఆయన ముందటనే సదువుతరా?"

డాక్టరు గారు, "పంపితే తెలుస్తుంది. తెలిశాక రాయక తప్పదు" అన్నారు.

అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. చేతనైతే ఆ పూట ఆయన పక్షం గెలిచేదేమో. భూలక్ష్మి అలాగే నిలబడిపోయింది. ఆమె భర్త లేచి, ముందున్న కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. "మా ఆడోళ్ల నెత్తుర్ల మీకేం పని? ఎవడు ముట్టుకుంటడో సూస్త!" అప్పటిదాకా నవ్విన వాళ్లు ఒక్కొక్కరే తమ తమ ఇళ్లు గుర్తుకొచ్చినట్టు తలలు దించుకున్నారు. ఒకడికి పెళ్లయి ఐదేళ్లయినా బిడ్డ లేదు. ఇంకొకడి చెల్లెలు ఇంకా పెద్దమనిషి కాలేదని చెప్పుకుంటారు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ రాజ్యలక్ష్మికి గెలుపు వాసన తగిలింది. తగిలాక ఆగడం ఆమెకి ఏనాడూ తెలియదు.

"డాక్టరు గారూ, ఆ పిల్లని మీరు పరీక్ష చేశారు. మీ కళ్లతో ఏం చూశారు? మగతనం ఎక్కడ కనిపించింది?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కనిపించలేదు. శరీరం ఆడశరీరమే. మగ హార్మోను ఒంట్లో తయారవుతోంది కానీ, ఈ ఒంటికి అది పట్టదు. పుట్టుకే అంత. గర్భసంచి లేదు. పిల్లలు పుట్టరు. లోపల..."

"అయితే మగ అని ఎందుకు రాశారు?"

"ఏమని రాయమంటారు?" మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "మీరిచ్చిన ఫారంలో గళ్లు రెండే ఉన్నాయి. ఆడ, మగ. రెండింట్లో ఒకటి టిక్కు పెట్టమన్నారు. ఇలాంటి మనుషుల గురించి ఒక పుస్తకం ఒకలా చెప్తుంది, ఇంకో పుస్తకం ఇంకోలా చెప్తుంది. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. నేను వై పట్టుకున్నాను."

"అంటే మీకు తెలీదు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు" అన్నారు. ముప్ఫై ఏళ్లలో ఆయన అలాంటి మాట అనడం అదే మొదటిసారి అయి ఉంటుంది. గ్లాసులో నీళ్లు తాగి, చలపతిరావుకి నమస్కారం పెట్టి, డ్రైవరు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఫారం తనది. గళ్లు తనవి. రాజ్యలక్ష్మి లేచి నిలబడి సర్టిఫికెట్ రూలు వెనక్కి తీసుకుంటున్నానంది. కౌసల్యకే కాదు, ఎవరికీ వద్దు, ఇక మీదట ఆడ డూపు కార్డుకి డాక్టరు సంతకం అక్కర్లేదు.

"అంటే మా వీరయ్య రేపట్నుంచి విగ్గు పెట్టుకోవచ్చా?" అన్నాడు త్రినాథరావు. ఈసారి తేనె లేదు.

నాలుగేళ్ల కష్టం కళ్ల ముందు కూలిపోయింది. ఎండలో మూడు రోజులు గేటు ముందు కూర్చున్న ఆడవాళ్లందరూ వెనక వరసలోంచి తననే చూస్తున్నారు. అయినా రాజ్యలక్ష్మి, "పెట్టుకోమనండి" అంది. చలపతిరావు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమంటే ముందు భూలక్ష్మి చెయ్యెత్తింది. తర్వాత ఆమె భర్త ఎత్తాడు. తర్వాత లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. కౌసల్య కార్డు మీద చలపతిరావు ముద్ర కొట్టాడు.

రాజ్యలక్ష్మి కార్డు అందుకుని చూస్తే కౌసల్య కుర్చీ ఖాళీగా ఉంది.

కింద, రోడ్డుకి అవతల, స్టూడియో ప్రహరీ పక్కన ఒక బండరాయి మీద కూర్చుని ఉంది. జుట్టులోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తోంది. రాజ్యలక్ష్మి కుంటుకుంటూ రోడ్డు దాటి కార్డు చూపించింది. "గెలిచామే. కార్డు ఇచ్చేశారు. ఇంక నిన్ను ఎవరూ..."

"నాకు గర్భసంచి లేదంట," అంది కౌసల్య.

రాజ్యలక్ష్మి కార్డున్న చెయ్యి దించుకుంది.

"వీరయ్యకు తెల్సింది. కుర్చీలేసెటాయనకు తెల్సింది. అందరికి తెల్సినంక నాకు తెల్సింది." గొంతు పెద్దది చెయ్యలేదు. "నువ్వు అడుగుతుంటే గాయన చెప్తుండు. ఇంకా అడుగుతవ్, ఇంకా చెప్తడు. అందరి ముందట నా బట్టలిప్పుతుండ్రని నీకు అనిపియ్యలేదా అక్కా?"

"నీ కోసమేనే. నీ కార్డు కోసం. నేనలా అడక్కపోతే..."

"వ్యానుల నీకొక్కదానికే చెప్పిన. మందు ఇప్పియ్యమన్ననా? డాక్టర్ దగ్గరికి పోదామన్ననా? గా ఉత్తరం నీ సంచిల మూడు దినాలు ఉన్నదంట, సారు నీకు ఇచ్చినప్పుడు భూలక్ష్మక్క చూసిందంట, ఇందాక లోపట చెప్పింది. మెట్ల కాడ అడిగితే ఫారంల పొరపాటన్నవ్." పిన్ను చేతిలో వంకర తిరిగింది. "గాయన తెల్వక చేసిండు. నువ్వు తెల్సి చేసినవ్. నన్ను అడగాలె గదా. ముందుగాల నన్ను అడగాలె."

రాజ్యలక్ష్మికి సిగ్గేసింది. తన వయసులో సగం కూడా లేని పిల్ల ముందు నిలబడలేక నేల మీద కూలబడింది. మోకాలు కలుక్కుమంది. పొద్దున్న ఆటోలో డాక్టర్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి తగులుతున్నాయి. క్షమించమని అడగాలనుకుంది, అది కూడా తన కోసమే అడుగుతున్నట్టుంటుందని ఊరుకుంది. స్టూడియో వ్యాను ఒకటి వాళ్ల మీద దుమ్ము పోస్తూ వెళ్లింది. లోపలున్న వాళ్లు కిటికీల్లోంచి వెనక్కి తిరిగి మరీ చూశారు. సంగతి అప్పుడే పాకిపోయినట్టుంది.

కౌసల్య కూడా చూసింది. "రేపటిసంది అందరు నిన్నే అడుగుతరు. గా పిల్ల ఆడిదా, మొగోడా అని."

రాజ్యలక్ష్మి నాలుక చివరికి పది జవాబులొచ్చాయి. అన్నీ మంచి జవాబులే, గట్టి జవాబులే. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"ఏం చెప్పమంటావే?" అని అడిగింది.

కౌసల్య మిగిలిన పిన్నులు కూడా తీసేసి జుట్టు వెనక్కి ముడేసుకుంది.

"కౌసల్య దుంకుతదని చెప్పు. గంతే. మిగిలింది నాకు చెప్పబుద్ధయితే నేను చెప్త, లేకుంటే లేదు."

"సరే," అంది రాజ్యలక్ష్మి.

కౌసల్య కార్డు తీసుకుని, కింద కూర్చున్న రాజ్యలక్ష్మికి చెయ్యందించకుండానే లేచి, ఎర్రగడ్డ బస్సు కోసం ఒక్కతే నడిచి వెళ్లిపోయింది.